జికోమో అనే మాట

ప్రసూతి గదిలో చూరు కారే చోట బకెట్టు పెట్టి, నడుము నిమురుకుంది ఎస్నాత్. చిల్వా సరస్సు పక్కనున్న ఆ చిన్న ఆసుపత్రిలో పంతొమ్మిదేళ్లుగా కాన్పులు చేస్తున్న నర్సు ఆమె. మంచం మీద లినిలీకి నొప్పులు దగ్గరపడుతున్నాయి. తొలి చూలు. తల్లి ఫలెస్ పక్కనే నిలబడి కూతురి వీపు రాస్తోంది.

ఆసుపత్రి పెద్ద గోమని గుమ్మంలోంచి పిలిచాడు.

"సిస్టర్, ఈ కాన్పు క్లేర్‌ని చేయనివ్వండి. ఎల్లుండి వాళ్ల దేశం వెళ్లిపోతోంది. ఒక్క బిడ్డనైనా తన చేత్తో పట్టాలని ఉందట."

"డాక్టరు చదువులో ఎన్నో ఏడు?"

"ఇంకా చేరలేదు. చేరడానికే ఇది పనికొస్తుందట."

"పట్టడానికి అదేమన్నా చేపా సార్?"

"మీరు పక్కనే ఉంటారు కదండీ. కప్పుకి కొత్త రేకులు వాళ్ల చర్చివాళ్లే వేయిస్తామన్నారు. అది గుర్తుపెట్టుకోండి."

గుర్తుంది. కిందటేడు ఆ చర్చి తరఫునే సేవకని వచ్చిన పొడుగు కుర్రాడూ గుర్తున్నాడు. మాయ పడకముందే బొడ్డుతాడు పట్టుకుని లాగాడు. అప్పుడూ పక్కనే ఉంది ఎస్నాత్. ఆ తల్లికి ఇరవై నిండకుండానే గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. కుర్రాడు ఊరెళ్లి, నవ్వుతున్న ఫోటోతో ఉత్తరం రాశాడు.

క్లేర్ అప్పటికే చేతి తొడుగులు వేసుకుని లోపలికి వచ్చేసింది. చెడ్డపిల్ల కాదు. మూడు వారాలుగా వార్డు పిల్లలకి ఓపిగ్గా బుడగలు ఊదిపెడుతోంది. కోప్పడదామన్నా కోపం రాదు, అదే ఎస్నాత్ ప్రాణానికి మరింత అలసట.

తల్లికీ కూతురికీ మధ్య నిలబడి, క్లేర్ వంగి ఇంగ్లీషులో అడిగింది. "నేను సాయం చేయనా?"

లినిలీ ఆమె భుజం మీదుగా తల్లి కోసం చూసింది.

"జికోమో," అంది.

క్లేర్ కళ్లు చెమర్చాయి. "థాంక్స్ చెబుతోంది కదూ?"

ఇక్కడి భాషలో జికోమో అంటే కృతజ్ఞతే. కిక్కిరిసిన బస్సులో అడ్డంగా నిలబడ్డవాళ్లని కాస్త జరగమనడానికీ అదే మాట. పాత బట్టలు పంచినప్పుడూ, పసిపిల్లల్ని ఎత్తుకుని ఫోటోలు దిగినప్పుడూ, ఏ తెల్లవాళ్లు అడిగినా ఎస్నాత్ మొదటి అర్థమే చెబుతూ వచ్చింది. అదే సుళువు.

"అవునవును," అంటున్నాడు గోమని.

"కాదమ్మా," అంది ఎస్నాత్. "కాస్త తప్పుకోమంటోంది. వాళ్లమ్మ కనబడటం లేదు."

క్లేర్ ముఖం కందిపోయింది.

"నేను నేర్చుకుందామనే వచ్చాను."

"తెలుసు. నేర్చుకోవడానికి ఈ పిల్ల ఒళ్లు ఇవ్వలేను. వరండాలో పొయ్యి మీద నీళ్లున్నాయి, కాగాయేమో చూడు. ఇక్కడ తోడుగా వచ్చినవాళ్లు చేసే పని అది."

క్లేర్ తొడుగులు తీసేసి బయటికి వెళ్లింది.

"రేకులు ఇంక రానట్టే," అన్నాడు గోమని. "పైవాళ్లకి మీరే చెప్పుకోండి."

"చెబుతాను సార్. ఇంకో బకెట్టు కూడా అడుగుతాను."

గంట తర్వాత ఆడపిల్ల పుట్టింది. క్లేర్ సగం ఒలకబోసుకుంటూ తెచ్చిన వేణ్నీళ్లతో ఫలెస్ కూతురి కాళ్లు తుడిచింది.

"ఇందాక జికోమో అన్నావే, ఏ ఉద్దేశంతో అన్నావే?" అడిగింది ఎస్నాత్.

"ఏమో సిస్టర్. తెల్లవాళ్లు ఏదడిగినా నోటికి అదే వస్తుంది," అంది లినిలీ.

"మా కోళ్లూ అంతే, గింజలేసినా అదిలించినా ఒకటే కూత," అంది ఫలెస్.

నవ్వే ఓపిక లేక తల మాత్రం ఆడించి, నిండిన బకెట్టు ఎత్తింది ఎస్నాత్. గుమ్మంలో క్లేర్ మసి చేతులతో మోకాళ్లు చుట్టుకుని, వాన చూస్తూ కూర్చుంది.

"జికోమో," అంది ఎస్నాత్.

క్లేర్ ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి, పక్కకి జరిగి దారి ఇచ్చింది.