ముద్దు డై

వెనక్కి వచ్చిన తీగ కట్టలను గోడౌన్ ముందు దించారు. పేనుతుండగా తీగ తెగిపోతోందని క్రేన్ తాళ్లు చేసే కంపెనీ వాటిని తిప్పి పంపింది. తెగిన చోట ఒక కొస గిన్నెలా గుంటపడి ఉంది, దాని జత కొస మొనదేలి ఉంది. పైన గీత కూడా లేదు.

ఆ తీగను లాగిన లైనుకు ఫోర్‌మన్ ఆమె అన్నయ్య. ఆమె అదే ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఉక్కు కడ్డీని డై అనే గట్టి దిమ్మె కంతలోంచి లాగి సన్నం చేసేటప్పుడు లోపల ఏ భాగం ఎంత సాగుతుందో, ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతుందో కంప్యూటర్ మోడల్‌లో లెక్కకట్టి చూపడం ఆమె పని. తట్టుకునే చోటు ఆకుపచ్చగా వస్తుంది, చిరిగే చోటు ఎర్రగా వస్తుంది.

"కడ్డీ తప్పా, లైను తప్పా, మీ మోడల్ చెప్పాలి," అన్నాడు మేనేజర్. "లైను తప్పయితే మీ అన్నయ్యను ఉంచలేను. ముందే చెబుతున్నా, తర్వాత ముఖం మాడ్చుకోవద్దు."

అంతకుముందు ఆ లైనులో తీగ తరచూ తెగేది. ఒక్క లాగుడుకు మరీ సన్నబడుతోందని అన్నయ్య అనుకున్నాడు. ఎవరినీ అడగకుండా ఆఖరి డైకి ముందు ఇంకో డై చేర్చాడు. అది తీగను తగ్గించేది పేరుకే. తాకీ తాకనట్టు వదులుతుంది కాబట్టి పనివాళ్లు దానికి ముద్దు డై అని పేరు పెట్టారు. అది వచ్చాక లైనులో తెగడం ఆగింది. తీగకు మెరుపు వచ్చింది. అన్నయ్యకు మంచి పేరు వచ్చింది.

ఆమె ఆ డైని తెప్పించింది. స్టోర్‌లో డై కంతను అందరూ కొలుస్తారు. కంతకు దారితీసే వాలును ఎవరూ కొలవరు. ఆమె అందులో రబ్బరు పోసి అచ్చు తీసి వాలు కొలిచింది. అది మిగతా డైల కన్నా బాగా విచ్చుకుని ఉంది. ఆ కొలతతో మోడల్ నడిపితే ముద్దు డై దాటిన తీగలో సరిగ్గా నడిమధ్యన పూసలు గుచ్చినట్టు ఎరుపు వచ్చింది.

మధ్యాహ్నం అన్నయ్య వచ్చాడు. చేతికి, తీగ జారడానికి వాడే సబ్బు పొడి అంటుకునే ఉంది.

"నీ రంగుల సినిమాలో నేను హీరోనా, విలనా?"

"కూర్చో అన్నయ్యా."

"ఓహో, విలనే అన్నమాట."

ఆమె తెర చూపించింది. "ఇంత విచ్చుకున్న డైలో కొంచెమే నొక్కితే ఆ నొక్కుడు పైపొర దగ్గరే ఆగిపోతుంది. పైపొర సాగుతుంది, నడుమ సాగదు. సాగే పొర నడుమను ఈడుస్తుంది. లోపల చిరుగుతుంది."

"తీగ తెగకూడదనే కదే, మెల్లగా లాగుదామని పెట్టాను."

"తెలుసు."

"గట్టిగా లాగితే తెగుతుంది, మెల్లగా లాగితే చిరుగుతుంది. ఇక తీగను బతిమాలుకోవాలా?" కాసేపు తెర చూశాడు. "ఆ వాలు నువ్వే కొలిచావు కదా. ఇంకెవరైనా చూశారా?"

"లేదు."

"ఈ వయసులో నన్ను ఎవరు పెట్టుకుంటారే? మీ వదినకు ఏం చెప్పను? అడగకూడదనే అనుకున్నాను. కానీ నీకు కాక ఎవరికి చెప్పుకోను?"

ఆయన వెళ్లాక ఆమె వాలు దగ్గర ఒక్క అంకె మార్చింది. మిగతా డైలకు ఉన్న కొలతే దీనికీ వేసింది. ఎరుపు పోయింది. ఆ బొమ్మే మేనేజర్‌కు పంపింది. ముద్దు డైని లైనులోంచి తీసేస్తానని అన్నయ్య మాట ఇచ్చాడు.

మేనేజర్ ఆ బొమ్మను శ్రద్ధగా చూశాడు. కడ్డీలు అమ్మినవాళ్ల మీద తప్పు మోపుతూ ఉత్తరం రాశాడు. తర్వాత అన్నయ్యను పిలిచి, ఈ ముద్దు డై వల్ల మెరుపూ వస్తోంది, ప్రమాదమూ లేదు, ఇలాంటిదే అన్ని లైన్లకూ పెట్టించు, లిఫ్టు తాళ్ల తీగకు కూడా పెట్టించు, అన్నాడు. అన్నయ్యను అన్ని లైన్లకూ పెద్ద ఫోర్‌మన్‌ను చేశాడు. అన్నయ్య సరే సార్ అన్నాడు.

సంగతి తెలిసిన రోజే ఆమె ఎర్ర బొమ్మ పట్టుకుని మేనేజర్ గదికి వెళ్లింది. అన్నయ్య కోసం అంకె మార్చానని చెప్పింది.

మేనేజర్ రెండు బొమ్మలనూ పక్కపక్కన పెట్టుకున్నాడు. "మొన్న ఆకుపచ్చ, ఇవాళ ఎరుపు. రేపు ఏ రంగు తెస్తారు?"

"ఇదే నిజం సార్."

"మొన్నా ఇలాగే తెచ్చి ఇచ్చారు. మీ అన్నాచెల్లెళ్ల మధ్య ఏం జరిగిందో నాకు తెలియదు, నాకు అక్కర్లేదు. ఉత్తరం మీద సంతకం నాది."

"నన్ను నమ్మొద్దు సార్. లిఫ్టు తీగను నిలువునా కోసి చూడండి. లోపల చిరుగులు ఉంటే కంటికే కనిపిస్తాయి."

"ముక్క మీ అన్నయ్యను అడగండి. లైన్లన్నీ ఆయన చేతిలోనే ఉన్నాయి."

ఆమె షెడ్డుకు వెళ్లింది. అన్ని మిషన్లూ నడుస్తున్నాయి. లిఫ్టు తాళ్ల లైను చివర తీగ చుట్ట చుట్టుకుంటోంది. మాట వినబడక అన్నయ్య ఆమెను పక్కకు తీసుకెళ్లాడు.

"తీసేస్తానన్నావు."

"తీద్దామనే అనుకున్నాను. ఆయన అందరి ముందూ మెచ్చుకున్నాడే. ఎందుకు తీస్తున్నావంటే ఏం చెప్పాలి?"

"మనుషులు ఎక్కుతారు అన్నయ్యా. నాకు ఒక్క ముక్క ఇవ్వు."

"ఎందుకు?"

"కోసి చూస్తాను."

"లోపల ఏముందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇక కోసి చూసేది ఏముంది?" అన్నాడు. చుట్ట నిండింది. దాన్ని దించమని పనివాడికి చెయ్యి ఊపాడు.