గాలి లేనిచోట గొడుగు

గొడుగు గుడ్డకి ఎనిమిది మూలలు, ఎనిమిది మూలలకీ ఎనిమిది పురికొస ముక్కలు, ముడులు కూడా ఆయనే వేశాడు, ముడి వేసేటప్పుడు నాలిక చివర బయటపెట్టి వేస్తాడు దేవదానం, పెళ్లయిన పదహారేళ్లలో ఒక్క బొత్తాం కుట్టుకోని మనిషి నిన్న సాయంత్రం బస్ డిపో నుంచి వచ్చీ రాగానే, ఆదివారం ఆరాధనకి తప్ప గడప దాటించని తన నల్లగొడుగుని చువ్వల మీంచి ఊడదీసి, ఇదిగోవే రిబ్కా నీ పారాచూట్ అని కూతురి చేతిలో పెట్టాడే, అలాంటిదాన్ని వద్దనడానికి నోరెలా వస్తుంది, నోరు రాదు, నోరు రాదు గానీ చంద్రుడి మీద గాలి కూడా లేదు, గాలి లేనిచోట ఎంత పట్టుగుడ్డ విప్పినా అది ఉబ్బదు, ఆపదు, పని చెయ్యని పెళ్లిపెద్దలా ఊరికే వెంటపడి కిందికొస్తుందంతే, అని కుసుమకుమారి అనుకుంటూ ఉండగా రేపల్లె పాసింజరు భట్టిప్రోలులో ఆగింది, ఆగిన కుదుపుకి తల్లీకూతుళ్లిద్దరి చేతులూ ఒకేసారి రిబ్కా ఒళ్లో ఉన్న, బాపట్ల సైన్సు ఎగ్జిబిషన్‌కని చేసిన చందమామ యంత్రం మీదికి వెళ్లాయి, ఎందుకంటే అందులో గుడ్డు ఉంది, మామూలు గుడ్డు కాదు, దేవుడి గుడ్డు.

కోతల పండక్కి చర్చిలో వేలం వెయ్యడానికని అత్తగారు అన్నమ్మ ఏటా ఒక పెట్టని దేవుడికి విడిచిపెడుతుంది, ఆ పెట్ట పెట్టే గుడ్లూ దేవుడివే, ఇంట్లో ఎవరూ ముట్టరు, అయితే ఇంటి గుడ్లు నాలుగూ వరసగా డాబా మీంచి చంద్రుడి మీదికి దిగబోయి పగిలాక, నాలుగు పూటలూ దేవదానం ప్రార్థన చేసుకుని మరీ ఆమ్లెట్ తిన్నాక, ఆవిడే పొద్దున్న గంపకింద చెయ్యి పెట్టి తీసింది, తీసుకుపోవే పిల్లా, పగిలితే నేనూ ఆయనా చూసుకుంటాంలే అంది, ఆయనంటే పరలోకంలో ఉన్నాయనా పక్కింట్లో ఉన్న పాస్టరుగారా అనేది చెప్పలేదు. రష్యావాళ్లకి మాత్రం మొదటి వేటుకే దిగిందా, పదిసార్లకి పైగా పగలగొట్టుకున్నారు, దారి తప్పింది ఒకటి, బ్రేకు ఆలస్యంగా పడింది ఇంకోటి, ఊరికే గుద్దుకుంది మరోటి, వాళ్లింట్లో ఆమ్లెట్ కూడా మిగల్లేదు.

యంత్రమంటే పెద్ద యంత్రమేం కాదు, రెండు కొబ్బరిచిప్పలు మూతి మూతికి కలిపి, లోపల మిల్లు ఊక దట్టించి, ఊక మధ్యలో గుడ్డు, పైన టీ పొట్లాల వెండి కాగితం, కింద నాలుగు కాళ్లు, ఆ కాళ్ల దగ్గరే తల్లీకూతుళ్లు పది రోజులు కొట్టుకున్నారు, వెదురు పెడితే దెబ్బ నేరుగా గుడ్డుకి తగిలింది, స్ప్రింగు పెడితే బంతిలా ఎగిరి బోర్లా పడింది, చివరికి పెరట్లో బొప్పాయి ఆకు తుంచుతూ కుసుమకుమారి ఆగిపోయింది, గుల్ల కాడ, వేలితో నొక్కితే మెల్లగా నలిగే కాడ, అమెరికావాళ్లు కాళ్లకింద తేనెపట్టులాంటి రేకు పెట్టారే, దెబ్బ మొత్తం అదే మింగి తను నలిగిపోయేట్టు, ఇదీ అదే కదా అనుకుంది, బీయస్సీ ఫిజిక్సు పదిహేడేళ్ల తరవాత పులుసులోకి కాకుండా పనికొచ్చింది.

ఏంటమ్మా అది, పిట్టగూడా, అంది ఎదురుసీటు ఆవిడ, వేమూరులో ఎక్కింది, ఒళ్లో కరివేపాకు మూట, అడక్కముందే పేరు నాగూర్‌బీ అనీ తెనాలిలో చెల్లెలింటికనీ చెప్పేసింది, కాదండి పిన్నిగారూ ఇది చందమామ మీద దిగే బండి అంది రిబ్కా, ఓయమ్మ, రంజానుకి నెలవంక కనబడ్డానికే మాకు మెడలు పడిపోతాయి, నువ్వు దాని మీద దిగుతావా, మరి సంచిలో ఆ నల్లగుడ్డేంటి, పారాచూటండి, మా సైన్సు మాస్టారు పున్నారావుగారు కట్టమన్నారండి, కానీ అక్కడ గాలి లేదండి, అంటే ఆవిడ నిజంగానే ఆలోచించింది, గాలి లేకపోతే గొడుగు తిరగబడదు కదా, మంచిదే, అంది, కరివేపాకు మూట సర్దుకుని, తిరగబడనిది ఎత్తదు కూడానూ, అయితే మోయడమెందుకు దండగ, అంది, కుసుమకుమారి ఆవిణ్ణి చూసింది, ఇన్నాళ్లూ ఎక్కడున్నావు తల్లీ, డెబ్భై రెండులో బాపట్లలో ఆ పరీక్ష బల్లకి అవతల నువ్వు కూర్చుని ఉంటే నా బతుకులో ఒక ముల్లు తక్కువయ్యేది.

తెనాలిలో దిగి రెండో ప్లాట్‌ఫారం మీద బాపట్ల బండి కోసం నిలబడ్డా ఆ ముల్లు ఊడి రాలేదు, ప్రాక్టికల్స్ అయ్యాక వైవా, బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి, పొడి నవ్వు, చంద్రుడి మీద యంత్రాన్ని మెత్తగా ఎలా దింపుతారమ్మా అని అడిగాడు, ఆవిడకి తెలుసు, రష్యా రంగుల పత్రిక కాగితాలు పుస్తకాలకి అట్టలేసుకుంటూ చదివింది కాదూ, గంటకి తొమ్మిది వేల కిలోమీటర్ల వేగంతో పడేదాన్ని ఎదురు ఇంజను మండించి ఆపుకుంటూ రావాలండి అంది, ఆయన నవ్వాడు, ఇంజనెందుకమ్మా, పారాచూట్ ఉండగా, అన్నాడు, పక్కనున్న లెక్చరరు తల ఊపాడు, ఆయనకీ తెలుసు, అయినా ఊపాడు, అప్పుడు కుసుమకుమారి నోట్లోంచి వచ్చిన మాట, అవునండి, రెండక్షరాలు మింగి నాలుగక్షరాలు కక్కింది, మార్కులు బాగానే పడ్డాయి, అవునండికి ఎప్పుడూ మార్కులు పడతాయి, తరవాత పెళ్లిచూపుల్లో పడ్డాయి, కూరలో ఉప్పెక్కువైందన్నప్పుడు పడ్డాయి, మొన్న పున్నారావు మాస్టారు ఇంటికొచ్చి, పోయినేడు ఫస్టొచ్చినదానికి పారాచూటుందమ్మా, జడ్జీలకి తేలుతూ దిగితేనే ముచ్చట, లేకపోతే పిల్ల హైదరాబాదు పోటీకి వెళ్లదు, మీ ఇష్టం, అన్నప్పుడు కూడా, గడపలో నిలబడి, అవునండి, అంది, పద్నాలుగేళ్ల కూతురు వంటింట్లోంచి వింటోందని తెలిసి కూడా.

అమ్మా, కట్టనా వద్దా, నువ్వు చెప్పు, అంది రిబ్కా ప్లాట్‌ఫారం మీద, చెప్పడానికి ఆవిడ దగ్గర రెండు జవాబులున్నాయి, కడితే మీ నాన్న ముడులు నిలుస్తాయి, హైదరాబాదు చూస్తావు, కట్టకపోతే, కట్టకపోతే ఏముంది, నిజం ఉంటుంది, దాన్ని హైదరాబాదు బస్సెక్కించరు, డెబ్భై ఆరులో దింపినవాళ్లు దింపారు, తరవాత ఈ పదమూడేళ్లలో మెత్తగా దింపినవాళ్లు లేరు, ప్రపంచమంతా చంద్రుణ్ణి మానేశాక రేపల్లెలో ఒక పిల్ల కొబ్బరిచిప్ప పట్టుకు బయల్దేరింది, దానికి నేనేం చెప్పను, అనుకుంటుంటే బండొచ్చింది, జనం తోశారు, దేవుడి గుడ్డు అని అరిచింది ఆవిడ, జనం విచిత్రంగా చూసి దారి ఇచ్చారు, నిడుబ్రోలు దాటినా, అప్పికట్ల దాటినా నల్లగుడ్డ ఆవిడ సంచిలోనే ఉంది.

బాపట్లలో ఎగ్జిబిషన్ జరిగే బడి ఆవిడ చదివిన కాలేజీకి రెండు వీధుల ఇవతల, లోపలికి వెళ్లగానే పున్నారావు మాస్టారు ఎదురొచ్చి పారాచూటేదమ్మా అంటే, సంచిలో ఉందండి అంది, అబద్ధం కాదు, తల్లిదండ్రులు తాడు అవతల నిలబడాలన్నారు, నిలబడింది, మెట్ల మలుపులో రిబ్కా ఒక్కతే, రెండు నిలువుల ఎత్తున, సరిగ్గా అమెరికావాళ్ల యంత్రం ఇంజను ఆపేసుకునే ఎత్తు, ఇంకా మండితే దుమ్ము లేపుతుంది, కాళ్లు తడబడతాయి, అందుకని ఆ చివరి రెండు నిలువులూ పట్టుకునేవాళ్లు లేకుండా పడాల్సిందే, మరి ఏ రాయుందో ఏ గుంటుందో చంద్రుడి మీంచి భూమికి మాట రావడానికి సెకనుంబావు, ఇక్కణ్ణుంచి జాగ్రత్త అని వెళ్లడానికి సెకనుంబావు, రెండున్నర సెకన్లలో పడేది పడిపోతుంది, దాని బుర్ర దానికుండాలి, అమ్మ తాడు అవతల నిలబడి చేతులు నలుపుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

జడ్జీగారు కళ్లద్దాలు పైకి తోసి, పారాచూటేదమ్మాయ్, అన్నారు, అదే మనిషి కాదు, అదే నవ్వు, పొడిగా, రిబ్కా తల తిప్పి అమ్మ కోసం చూసింది, కుసుమకుమారి నోరు తెరిచింది, ఏమనడానికి తెరిచిందో ఆవిడకే తెలీదు, తెరిచేలోపే పిల్ల తల తిప్పేసుకుంది, లేదండి, చంద్రుడి మీద గాలి లేదండి, అంది, అని వదిలేసింది, వెండికాగితం తళుక్కుమంది, నాలుగు కాళ్లూ ఒక్కసారే నేలని తన్ని కరకరా నలిగిపోయాయి, చిప్ప వాటి మీద పిల్లికూనలా కూర్చుంది, ఒరగలేదు, అరెరె విరిగిపోయాయే, అన్నారు జడ్జీగారు, విరగడానికే పెట్టామండి, బొప్పాయి కాడలండి, అంటూ మెట్లు దిగొచ్చి చిప్ప విప్పి, ఊక దులిపి, తెల్లటి గుడ్డు అరచేతిలో పెట్టి చూపించింది, అదీ బాగానే ఉందిగానీ పారాచూటుంటే ఆ కాళ్లు కూడా మిగిలేవమ్మా, అంతేగా, అన్నారాయన.

అంతేగా అన్నచోట ఏం చెప్పాలో ఆ ఊళ్లో అందరికీ తెలుసు, పున్నారావు మాస్టారు తాడు పక్కన పెదాలతో చెప్తున్నాడు కూడా, కుసుమకుమారి సంచిలో చెయ్యి పెట్టి దేవదానం ముడులు గట్టిగా పట్టుకుంది.

కాదండి, అంది రిబ్కా.

గొంతు పెంచలేదు, తల వంచలేదు, జడ్జీగారు కాగితం మీద ఏదో రాసుకుని పక్క బల్లకి వెళ్లిపోయారు, ఏం రాశారో చూడాలనిపించలేదు ఆవిడకి, పున్నారావు మాస్టారు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు, పెట్టుకోనీ, ఇంటికెళ్లి ఈ గుడ్డని మళ్లీ చువ్వలకి కుట్టాలి, గాలీ వానా ఉన్న రేపల్లెలో గొడుగుకి బోలెడు పని ఉంది, గుడ్డు అత్తగారికి ఇచ్చెయ్యాలి, ఆయన గుడ్డు ఆయనకి, అనుకుంటూ తాడు ఎత్తి కిందనుంచి దూరి కూతురి వైపు నడుస్తుంటే తెలిసింది, పిల్ల ఇప్పుడన్నది తను అనాల్సిన మాటే, ఈ ఊళ్లోనే, చంద్రుడి నుంచి మాట రావడానికి సెకనుంబావు, ఈ మాటకి బాపట్ల నుంచి బాపట్లకి పదిహేడేళ్లు పట్టింది, పడితే పట్టింది, చేరింది.