ఎడమవైపు ఒకటో తరగతి

నేను ఒక నల్లబల్లను. నలుపు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. పాలమూరులో ఓ వడ్రంగి నాలుగు చెక్కలు కలిపి, వెనక రెండు బద్దలు కొట్టి పంపిస్తే, పల్లెలో బడికి చేరాకే నల్లబడ్డాను. ఏటా బడి తెరిచే ముందు పిల్లలు గుంటగలగరాకు కోసుకొచ్చి, బొగ్గుపొడితో నూరి, నా ఒంటికి పులిమేవాళ్లు. ఆ పసరు వాసన వారం రోజులు పోయేది కాదు. అంత సేవ చేసిన చేతులే మర్నాటి నుంచి సుద్దముక్కతో నన్ను గీకేవి. మనుషుల మర్యాద అలాగే ఉంటుందని సరిపెట్టుకున్నాను.

ఆ బడికి గది ఒకటే, సారు ఒక్కడే, బల్లను నేనొక్కదాన్నే. తరగతులు మాత్రం మూడు. అందుకని విఠల్ సారు నా మీద నిలువుగా రెండు గీతలు గీసి మూడు వాటాలు వేశాడు. ఎడమ వాటా ఒకటో తరగతిది, ఏటా పైనుంచి కిందికి అదే వరస: పలక, బలపం, వల, ఉడత, గంప, ఈత. నడిమి వాటాలో రెండో తరగతి కూడికలు, తీసివేతలు. కుడి వాటాలో మూడో తరగతికి మొక్క వేరు ఏం చేస్తుందో, వాన ఎక్కడి నుంచి వస్తుందో, మన ఊరికి తూర్పున ఏముందో ఉండేవి. చదువంతా నా నాలుగడుగుల వెడల్పులో ఇరుక్కుని కూర్చునేది. సారు ఒక వాటా చెబుతుంటే మిగతా రెండు వాటాల వాళ్లు కొట్టుకునేవాళ్లు. మధ్యలో లేచి వంటమనిషికి పప్పు కొలిచి ఇవ్వడం కూడా ఆయన పనే.

మొగులమ్మ బడికి వచ్చింది ఆ రోజుల్లోనే. ఆమె అమ్మానాన్నలు చెన్నమ్మ, బాలస్వామి ఇటుక బట్టీల్లో పనిచేసేవాళ్లు. దసరా దాటగానే పిల్లల్ని వెంటేసుకుని పోయి, మళ్లీ బడి తెరిచే వేళకు వచ్చేవాళ్లు. నాలుగు నెలలు నేర్చుకున్నది ఎనిమిది నెలల్లో చెరిగిపోయేది. రిజిస్టరులో మొగులమ్మ రెండో తరగతికి, ఆపై మూడో తరగతికి ఎక్కింది. కూర్చోవడం మాత్రం ప్రతి ఏడూ నా ఎడమ వాటా ముందే.

మొద్దు పిల్ల కాదు. ఒకసారి నడిమి వాటా వాళ్లను సారు పదుల లెక్క అడిగితే, వాళ్లు గోడ వంక చూస్తుంటే, ఎడమ నుంచి తనే చెప్పింది.

"బట్టీల ఇటుకలు పదేసి పేరుస్తం సారూ. పది వరసలైతే నూరు."

"అది నీది కాదు, నీ దిక్కు జూడు," అన్నాడు సారు. ఆ మాటకు నాకు కోపం వచ్చింది. కానీ ఆయనకూ నోరు ఒక్కటే కదా.

తన దిక్కున ఉన్న ఆరు మాటల్నీ మొగులమ్మ వేలు పెట్టి, గట్టిగా, ఒక్క తప్పు లేకుండా చదివేది. సారు మురిసిపోయేవాడు. నేనూ మురిశాను.

మూడో ఏడు దసరాకు ముందు సారు చెన్నమ్మను బడికి పిలిపించాడు.

"ఈసారి పిల్లను తోలుకపోకు. వలసపోయేటోళ్ల పిల్లలకు హాస్టల్ల ఒక్క సీటున్నదంట. ఆఫీసరమ్మ ముందర ఆ మాటలు చదివితే చాలు, ఉంచుకుంటరు."

"ఎట్లనన్న జెయ్యి సారూ," అంది చెన్నమ్మ. "పోయినేడు ఎండకు ఇటుకల మీదనే పడిపొయింది. ఈ తాప తోలుకపోతే నాకు దక్కుతదో లేదో."

ఆఫీసరు వచ్చే ముందురోజు సారు నాకు వేళ కాని వేళ పసరు పూయించాడు. బల్ల అందంగా కనబడాలని ఆయన ఆశ. మర్నాడు పొద్దున్నే గుండ్రని అక్షరాలతో ఎడమ వాటాలో ఆ ఆరు మాటలే రాశాడు. అయితే చేతికి ఏది ముందు తోస్తే అది రాసుకుంటూ పోయాడు. ఉడత పైకి వచ్చింది, పలక అడుగుకు పోయింది. మాటలు అవే కదా, ఆయనకు అది పట్టలేదు.

మొగులమ్మ నూనె రాసి దువ్విన జడలతో నా ముందు నిలబడింది. ఉడత కింద వేలు పెట్టి, "పలక," అంది. రెండోదాని కింద వేలు పెట్టి, "బలపం," అంది. ఆరూ అలాగే, గట్టిగా, ఎక్కడా తడబడకుండా పాత వరసలో చదివేసి ఆఫీసరమ్మ వంక చూసి నవ్వింది.

ఆఫీసరమ్మ మంచిదే. కసరలేదు. చిన్న కాగితం మీద పలక అని రాసి చేతికిచ్చింది. మొగులమ్మ కాగితాన్ని చూసింది, నన్ను చూసింది, తల వంచుకుంది. మూడేళ్లుగా ఆమె చదివింది అక్షరాలను కాదు, నా మీద వాటి చోట్లను. ఆ సంగతి రోజూ వేలు ఆనించుకున్న నాకే తెలియలేదు. సారును ఏమని తప్పుపట్టను?

"దినాం చదివేది మేడం," అన్నాడు సారు.

"సీటు ఒక్కటే సారూ. చదివేటోళ్లకే ఇయ్యాలె," అని ఆమె కాగితాన్ని మడిచి సంచిలో వేసుకుంది.

దసరా దాటాక మొగులమ్మ బట్టీకి పోయింది. ఆ మరుసటేడు పిల్లలు చాలడం లేదని మా బడిని పక్క ఊరి బడిలో కలిపేశారు. అక్కడ గోడకే బల్ల ఉందట, నా అవసరం లేకపోయింది. ఊరికే పడి ఉన్నానని బాలస్వామి నన్ను బట్టీకి తెచ్చుకుని, గుడిసెకు తలుపుగా కట్టాడు. నల్లరంగు ఎండకూ దుమ్ముకూ ఎప్పుడో రాలిపోయింది. ఇప్పుడు నేను ఉత్త చెక్కను.

మధ్యాహ్నం అన్నాలయ్యాక కాసేపు పని ఆగుతుంది. అప్పుడు మొగులమ్మ తన చెల్లెలు చిట్టెమ్మను నా ముందు కూర్చోబెడుతుంది. ఇటుకలు మోసి పొక్కులెక్కిన వేలును నా ఎడమవైపు పైన ఆనించి, "పలక," అంటుంది. కొంచెం కిందికి జరిపి, "బలపం," అంటుంది. వేలు సరిగ్గా పాత చోటనే ఆగుతుంది. దాని కింద ఏమీ ఉండదు.

చిట్టెమ్మ తొందరగానే నేర్చుకుంటోంది.