ఒక రింగు ఎక్కువ

మా అత్తయ్య ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆపరేషన్ థియేటర్లో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ ట్రాక్టర్‌కి ఆయిల్ మారుస్తుంటే పక్కన నిలబడటమంత నరకం ఇంకోటి లేదని పోయిన ఆదివారం దాకా నా గట్టి అభిప్రాయం.

నేనేమీ పానా పట్టడం రానివాణ్ణి కాదు. మట్టి తవ్వే పెద్ద యంత్రాలు బాగుచేసే వర్క్‌షాపులో హెడ్ మెకానిక్‌ని. నా కింద పద్నాలుగు మంది ఉన్నారు. నేను కేకేస్తే పదమూడు మంది ఉలిక్కిపడతారు, పద్నాలుగోవాడికి చెవుడు. అలాంటి నన్ను మొక్కల నర్సరీలో తిరిగే బుల్లి ట్రాక్టర్ పక్కన నిలబెట్టి, "ఆ వాషర్ ఎక్కడ పెట్టారు అల్లుడుగారూ?" అని అడిగితే ఒళ్ళు మండదా?

నర్సరీ అత్తయ్యదే. రిటైరయ్యాక వచ్చిన ఊపులో రెండెకరాలు కౌలుకి తీసుకుని, ట్రాక్టర్ నడపడం యాభై తొమ్మిదో ఏట నేర్చుకున్నారు. అంట్లు కట్టేది మామయ్య. గులాబీకి ఆయన అంటు కడితే అది బతకనని మొండికేసినా బతికేది. పోయిన ఏడు ఆయనకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. బుద్ధి మాత్రం ఇప్పటికీ చురకత్తే.

చక్రాల కుర్చీ నర్సరీ మెత్తటి నేలలో దిగబడిపోతుంది. అందుకని అత్తయ్య ఒక ఇనప పలక చేయించారు. మూడు వైపులా కమ్మీలు, కుర్చీ చక్రాలకి గొలుసులు. దాన్ని ట్రాక్టర్ వెనక లిఫ్టు చేతులకి తగిలించి, కుర్చీతో సహా మామయ్యని దాని మీద ఎక్కించి, నేలకి జానెడు ఎత్తు లేపుతారు. ఆ తరవాత మనిషి నడకకన్నా నెమ్మదిగా వరసల మధ్య తిప్పుతారు. రోజూ పొద్దున ఒక గంట. దీనికి నీళ్ళు చాలలేదు, దానికి పురుగు పట్టింది, ఆ కుండీ నీడలోకి జరపండి అని ఆయన ఎడమ చేత్తో చూపిస్తూ పోతారు. ఆ గంటా ఆయన యజమాని, మిగతా రోజంతా రోగి.

పదిహేను రోజుల కిందట ఒక పొద్దున ఆ పలక లేచినట్టే లేచి, గజగజ వణికి, దబ్బున కిందపడింది. మామయ్య తల కమ్మీకి కొట్టుకుని కనుబొమ మీద రెండు కుట్లు పడ్డాయి.

మా ఆవిడ ఇల్లు పీకి పందిరేసింది. "అమ్మా, నీ చెయ్యి వణుకుతోంది. లీవరు వదిలేశావు. ఒప్పుకోవేం?"

"లేదే. మెల్లగానే జరిపాను," అన్నారు అత్తయ్య.

అప్పుడు మా ఆవిడ నావైపు తిరిగింది. "ఏవండీ, మీరు చెప్పండి. బండిలో ఏమన్నా లోపం ఉందా?"

నేను ఛాతీ విరుచుకున్నాను. "ఛాన్సే లేదు. పోయిన ఏడు నా చేత్తో నేను సర్వీస్ చేసిన బండి అది."

ఆ ఒక్క మాటతో కేసు కొట్టేసినట్టయింది. అత్తయ్య తన కుడి చేతిని ఒకసారి చూసుకుని కొంగు కిందకి లాక్కున్నారు. ఇకనుంచి నాన్న ట్రాక్టర్ ఎక్కకూడదనీ, అమ్మ నడపకూడదనీ, మట్టీ కుండీలూ మోయడానికి వాచ్‌మన్ నడుపుతాడనీ మా ఆవిడ తీర్పు చెప్పింది. మామయ్య ఆ పదిహేను రోజులూ వరండాలో గేటు వైపు చూస్తూ కూర్చున్నారు. ఎవరు పలకరించినా పలకలేదు.

పోయిన ఆదివారం ట్రాక్టర్‌కి హైడ్రాలిక్ ఆయిల్ మార్చాల్సిన తేదీ. లిఫ్టుని లేపేదీ దించేదీ ఆ ఆయిలే. "నేను నడిపినా నడపకపోయినా దాని తేదీ దానిది," అని ఫోన్ చేశారు అత్తయ్య. సరే అని వెళ్ళాను, మా ఆవిడ కూడా వచ్చింది. షెడ్డు ముందు నీడలో వాళ్ళ నాన్న కుర్చీ పక్కన స్టూలేసుకుని ఆయన గోళ్ళు తీస్తూ కూర్చుంది.

ఇక నా నరకం మొదలైంది. షెడ్డు నేల ముందే తుడిచి ఉంది. ట్రాక్టర్ పక్కన ఉతికిన తెల్ల దుప్పటి పరిచి ఉంది. ఊడదీసిన ప్రతి వస్తువూ తీసిన వరసలోనే ఎడమనుంచి కుడికి ఆ దుప్పటి మీద పెట్టాలి. గోడకి తగిలించిన నల్ల పలక మీద సుద్దముక్కతో రెండు వరసలు: కొత్తగా పెట్టినవి, పాతవి తీసినవి. రెండూ సరిపోయేదాకా ఇంజను తాళంచెవి ఆవిడ కొంగు ముడిలోనే ఉంటుంది.

"థియేటర్లో కడుపు కుట్టే ముందు గాజుగుడ్డలూ సూదులూ కత్తెరలూ లెక్కపెట్టేవాళ్ళం. ఒక్కటి తేడా వచ్చినా కుట్టనిచ్చేదాన్ని కాదు. సర్జన్ ఎంత గొప్పవాడైనా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే," అన్నారు. ఇది ఆవిడ నాకు చెప్పడం తొమ్మిదోసారి.

"ఇది కడుపు కాదత్తయ్యా, గేర్‌బాక్సు."

"లోపల ఏదన్నా మర్చిపోతే నొప్పి దానికీ ఉంటుంది లెండి."

ఇంజను పది నిమిషాలు నడిపి ఆయిల్ వేడెక్కించాం. లిఫ్టుని పూర్తిగా కిందకి దించి, ఇంజను ఆపి, చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టాం. మూడు చోట్ల బోల్టులు విప్పితే ఆయిల్ దిగింది. తేనెరంగు అన్నది ఎక్కడా లేదు, నురగలు నురగలుగా పాలిపోయి ఉంది. "పాతబడిందిలెండి," అన్నాను. అత్తయ్య వేలితో తీసి, రెండు వేళ్ళ మధ్య రుద్ది, గుడ్డకి తుడుచుకున్నారు. కడిగి మళ్ళీ వాడే జాలీని బయటకి లాగాను. ఆ తరవాత డబ్బాలా ఉండే ఫిల్టర్ని పట్టీ వేసి తిప్పి ఊడదీసి, వరసలో దుప్పటి మీద పెట్టాను. కొత్త ఫిల్టర్ మూతికి ఉన్న రబ్బరు రింగుకి ఆయిల్ రాసి, చేత్తో బిగించి, పైన ముప్పావు చుట్టు తిప్పాను. జాలీ బిగించాను. బోల్టులు బిగించాను. కొత్త ఆయిల్ గరాటుతో పోశాను. నా లెక్కలో పని అయిపోయింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆరేళ్ళుగా ఆ ట్రాక్టర్‌కి ప్రతి ఏటా సర్వీస్ చేసింది అత్తయ్యే. పోయిన ఏడు మాత్రం మామయ్యని ఆసుపత్రిలో పెట్టుకుని ఆవిడ అక్కడే ఉండిపోయారు కాబట్టి ఆ ఒక్కసారికి బండి నా చేతికి చిక్కింది. దుప్పటీ లేదు, పలకా లేదు. నలభై నిమిషాల్లో అవగొట్టాను. ఊడదీయడం, బిగించడం, పాత ఫిల్టర్ని తిరిగి చూడకుండా చెత్త డ్రమ్ములోకి గిరాటేయడం. అందరికీ చెప్పుకున్నాను కూడా, అత్తయ్యకి అరరోజు పట్టే పని నాకు టీ తాగినంతసేపు పట్టిందని.

"తాళంచెవి ఇవ్వండత్తయ్యా."

"లెక్క కానివ్వండి." ఆవిడ దుప్పటి ముందు గొంతుక్కూర్చున్నారు. "వాషర్లు, పెట్టినవి మూడు, తీసినవి మూడు. జాలీ రింగు, ఒకటికి ఒకటి. ఫిల్టర్ ఒకటికి ఒకటి." పాత ఫిల్టర్ని తిరగేసి దాని మూతి చూశారు. అరవై ఆరేళ్ళ మనిషి, కళ్ళజోడు ముక్కు చివరికి జారింది, మోచేతుల దాకా ఆయిలు. గోరు కొన దాని అంచులోకి దూర్చి మెల్లగా లాగారు. ఒకదాని మీద ఒకటి అతుక్కుపోయిన రెండు నల్ల రబ్బరు రింగులు విడివడ్డాయి. పైది నలిగి ఒక పక్కకి జారి, తెగి ఉంది.

"ఫిల్టర్ రింగు," అన్నారు పైకి వినబడేలా, "పెట్టింది ఒకటి. తీసినవి రెండు. ఒకటి ఎక్కువుంది."

నేను చేతిలో ఉన్న గరాటుని కింద పెట్టాను.

మా వర్క్‌షాపులో కొత్తగా చేరినవాడికి మొదటిరోజు నేను చెప్పే పాఠమే అది. పాత ఫిల్టర్ వచ్చేసినా దాని రింగు ఒక్కోసారి బండికే అంటుకుని ఉండిపోతుంది, వేలు పెట్టి తడిమి చూడండిరా అని. చూడకుండా కొత్తది బిగిస్తే రింగు మీద రింగు పడుతుంది. కొన్నాళ్ళు నిలబడుతుంది. ఆ తరవాత పైది జారుతుంది, ఆ సందులోంచి పంపు గాలి పీల్చుకుంటుంది, ఆయిల్ నురగకడుతుంది. లిఫ్టు వణుకుతుంది. దబ్బున పడుతుంది.

"ఒక్కోసారి... కంపెనీవాళ్ళే ఒకటి ఎక్కువ వేస్తారేమో అత్తయ్యా," అన్నాను. సిగ్గులేకుండా అన్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నన్ను ఎవరూ ఏమీ అడగకుండానే అన్నాను.

ఆవిడ నా మాట విన్నట్టే లేదు. రింగులు రెండూ అరచేతిలో పెట్టుకుని ఆలోచిస్తున్నారు. "కింద ఉన్నది పోయిన ఏటిది. పైన ఉన్నది అంతకు ముందు ఏటిది. అది బిగించింది నేనే." "నేనే ఏదన్నా తప్పుగా బిగించానేమో. అయితే ఆయన తల పగలడానికి నా చెయ్యే కారణం. అమ్మాయి అన్నది నిజమే."

అక్కడ నోరు మూసుకుంటే సరిపోయేది. హెడ్ మెకానిక్ పరువు దక్కేది, ఆవిడ ఆ తప్పు నెత్తిన వేసుకుని లోపలికి వెళ్ళిపోయేవారు. వెయ్యి ఆపరేషన్లలో ఒక్క దూది ముక్క లెక్కతప్పనివ్వని మనిషి, నా పొరపాటుని తన పేర రాసుకోవడానికి సుద్దముక్క తీస్తున్నారు.

"మీరు కాదత్తయ్యా. బిగించడంలో తప్పు లేదు. మీరు బిగించిన ఫిల్టర్ని ఊడదీసింది నేను. రింగు బండికే అంటుకుపోయింది, నేను చూడలేదు. దాని మీదే కొత్తది బిగించి, పాతదాన్ని డ్రమ్ములో పారేశాను." ఇంత చెప్పాక మిగతాది కూడా చెప్పేయాలి. "లిఫ్టు పడింది అందుకే. ఆ రోజు బండిలో లోపం లేదని నేను చెప్పింది తప్పు."

మా ఆవిడ చేతిలో గోళ్ళ కత్తెర ఆగింది. "అంటే అమ్మ చెయ్యి..."

"అమ్మ చేతికేం కాలేదు. నా చేతికే పొగరెక్కింది."

పదిహేను రోజులుగా నోరు విప్పని మామయ్య కుర్చీలో కదిలారు. "మీ అమ్మ... రోజూ... పొద్దున్నే," అన్నారు. ఒక్కో మాటనీ లోపలినుంచి తోడుకుంటున్నారు. "వంటింట్లో... గ్లాసు నిండా నీళ్ళు. కుడిచేత్తో... పట్టుకుని... చూసుకునేది. వణుకుతుందా... లేదా అని."

"మీరు ఊరుకోండి," అన్నారు అత్తయ్య.

"రోజూ," అన్నారాయన మళ్ళీ, కూతురి వైపు చూస్తూ.

మా ఆవిడ లేచి వచ్చి ఆయిలు చేతులతో ఉన్న వాళ్ళమ్మని అలాగే పట్టుకుంది. "చీర పాడవుతుందే," అంటూనే ఉన్నారు అత్తయ్య, వదిలించుకోకుండా. నాకు మాత్రం ఎక్కడికి పోవాలో తెలియక జాలీ కడిగిన బొచ్చెని మళ్ళీ కడిగాను.

కాసేపటికి అత్తయ్య వచ్చి నల్ల పలక మీద 'రింగు' పక్కన 'తీసినవి 2' అని రాశారు. "ఎక్కడిదో తెలిసింది కాబట్టి లెక్క సరిపోయింది. కొత్త ఫిల్టర్ విప్పి, లోపల వేలు పెట్టి చూసి, మళ్ళీ బిగించండి."

"రెండు రింగులూ వచ్చేశాయి కదత్తయ్యా, లోపల ఇంకేం..." అని మొదలుపెట్టి, ఆపి, విప్పాను. వేలు పెట్టి అంచంతా తడిమాను. ఏమీ లేదు. అయినా ఆవిడ కూడా తడిమారు. అప్పుడు కొంగు ముడి విప్పి తాళంచెవి ఇచ్చారు.

ఇంజను వేసి, లిఫ్టు మీద మట్టి బస్తాలు పెట్టి ఇరవైసార్లు లేపి దించాం. ఆయిల్ మట్టం చూసి అరలీటరు కలిపాం. పొద్దున ఆయిల్ వేడెక్కించేటప్పుడు వినబడిన పంపు మూలుగు పోయింది.

"ముందు ఒక మనిషిని ఎక్కించి చూడాలి," అన్నారు అత్తయ్య. ఎవరిని అని అడగలేదు నేను. వెళ్ళి ఇనప పలక మీద వేసిన కుర్చీలో కూర్చున్నాను. మామయ్యకన్నా పాతిక కిలోలు ఎక్కువ బరువున్నవాణ్ణి. ఆవిడ సీటెక్కి, వెనక్కి ఒకసారి చూసి, లీవరు జరిపారు.

ఎప్పుడు లేచిందో నాకు తెలియలేదు. కిందకి చూస్తే నేల జానెడు దూరంలో ఉంది. కుండీల వరసల మధ్యనుంచి, మలుపు దగ్గర ఇంకా నెమ్మదించి, గుంత వచ్చినచోట దానికి పక్కనుంచి, మళ్ళీ షెడ్డు దాకా తీసుకొచ్చారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను ఎన్నో లీవర్లు పట్టాను, ఎందరో ఆపరేటర్లని చూశాను. ఇంత మెత్తటి చెయ్యి చూడలేదు. పలక నేలకి తగిలినప్పుడు చప్పుడు కూడా రాలేదు. నేను కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను.

"దిగవయ్యా," అన్నారు మామయ్య. "నా... సీటది."

ఆయన కుర్చీ ఎక్కించి గొలుసులు మా ఆవిడే తగిలించింది. ఒక్కో గొలుసూ రెండేసిసార్లు లాగి చూసి, వాళ్ళమ్మకి తలూపింది. పలక లేచింది. మొదటి వరస దాటారో లేదో మామయ్య ఎడమ చెయ్యి పైకి లేచింది. ట్రాక్టర్ ఆగింది.

"ఈ గులాబీలకి... నీళ్ళెవరూ పెట్టలేదు!" షెడ్డు దాకా వినబడేలా అరిచారాయన. "పదిహేను రోజులు... గాడిదలు కాశారా అందరూ!"

"వినబడింది, అరవకండి," అన్నారు అత్తయ్య, లీవరు మీదనుంచి చెయ్యి తీయకుండా.