ఆపినా జారని ఈల

కాగితం మిల్లులో ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అంటారు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను మోటారు బేరింగు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంటే చాలు, లోపల తిరిగే ఏ ఉక్కు గోలీ దెబ్బతిన్నదో చెప్పేవాడు. ఇరవై ఆరేళ్లలో ఒక్కసారే తప్పాడు. అది మొన్న సోమవారం.

బరువు తగ్గడానికి పొట్ట కోయించుకుని ఎనిమిది నెలలైంది. నలభై కిలోలు కరిగాయి. నెలనెలా బి12 సూది మానొద్దని డాక్టరమ్మ చెప్పింది. మూడో నెలలోనే మానేశాడు. భార్య బతికుంటే సూది వేయించుకునేదాకా కంచం ముందు పెట్టేది కాదు. ఆరో నెలలో రెండు చెవుల్లోనూ ఈల మొదలైంది. రక్తంలో బి12 అడుగంటిందని, మళ్లీ సూదులు మొదలుపెట్టమని, నీళ్లు గుక్కగుక్కగా తాగుతుండమని, పడుకునేటప్పుడు ఫ్యాను వేసుకుంటే ఈల మీద ధ్యాస తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది.

"పూర్తిగా పోతుందా?"

"తగ్గొచ్చు. మాటివ్వలేను."

ఆయన ఫ్యాను ఒక్కటే వేసుకున్నాడు. సూది వేసేది మిల్లు డిస్పెన్సరీలోనే. అక్కడ చొక్కా చెయ్యి మడిస్తే పది నిమిషాల్లో సూపర్‌వైజరుకు తెలిసిపోతుంది. ఆ సూపర్‌వైజరు బావమరిది. సొంత అక్క పోయేముందు నెల రోజులు ఆసుపత్రిలో ఉంటే గుమ్మం తొక్కనివాడు. వాడి ముందు మేస్త్రి తల వంచడు.

సోమవారం చెవిలో ఈలను బేరింగు ఈల అనుకుని మోటారు ఆపించాడు. విప్పితే బేరింగు అద్దంలా ఉంది.

"పొట్టతో పాటు చెవులూ కోసేశారా బావా?" అందరూ నవ్వారు. "ఇంకోసారి ఉత్తినే ఆపించావో, స్టోరులో కూర్చోబెడతా."

ఈరోజు పెద్ద పంపు. రెండడుగుల దూరంలో ఇద్దరు ఆడవాళ్లు జల్లెడలు కడుగుతున్నారు. మేస్త్రి పిడి చెవికి పెట్టాడు. ఈల. తనదా, పంపుదా? పిడి తీశాడు. ఈల. మళ్లీ పెట్టాడు. అదే ఈల.

"ఏం బావా, ముహూర్తం చూస్తున్నావా? బాగుందా లేదా?"

బాగుందంటే తన ఉద్యోగం నిలుస్తుంది. బేరింగు పగిలితే ముక్కలు తగిలేది ఆ ఇద్దరికి.

"అమ్మా, మీరిద్దరూ బయటికి నడవండి," అన్నాడు మేస్త్రి. స్క్రూడ్రైవర్ బావమరిది చేతిలో పెట్టాడు. "నువ్వు విను. నాకు రెండు నెలలుగా చెవుల్లో మోత. అదే అన్నిటినీ కప్పేస్తోంది."

"నాకేం తెలుస్తుంది బావా!"

"పంపు ఆపిస్తా. అది నెమ్మదించేకొద్దీ నీకు వినపడే ఈల శ్రుతి కిందికి జారితే బేరింగుది. జారే ఈల వినపడకపోతే నేను పనికిరానివాణ్ని."

స్విచ్చి పడింది. పంపు నెమ్మదించింది. మేస్త్రి చెవుల్లో ఈల రవ్వంతైనా జారలేదు. ఆయన బావమరిది మొహం వైపే చూస్తూ నిలబడ్డాడు.

"జారుతోంది," అన్నాడు వాడు. మొహం పాలిపోయింది. "చివర్లో గరగరమంది బావా."

విప్పారు. మూడు గోలీలు పెచ్చులూడాయి. వాటిని పట్టి ఉంచే రేకు రెండుగా చీలింది.

"రెండు నెలలు దాచావా? మనుషులు పోయేవాళ్లు."

"పోయేవాళ్లు."

"నిన్నిక మోటార్ల దగ్గర ఉంచలేను."

"ఉంచొద్దు." స్క్రూడ్రైవర్ కోసం ఆయన చెయ్యి చాచలేదు. "పిడి మరీ గట్టిగా నొక్కకు. చెవి ముందు ఎముకకు ఆనితే చాలు."

అందరూ చూస్తుండగా చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ డిస్పెన్సరీ వైపు నడిచాడు.