తెరిచినట్టు గీసిన కిటికీ

దొర ఎస్టేటుకి గేటు కాపలా మాది. గేటు పక్కనే మాకిచ్చిన ఇంటిని చూసి ముచ్చటపడని వాళ్లు లేరు. బుల్లి కోట, దానికో బురుజు, చుట్టూ నాలుగు కిటికీలు. దాని వైభోగం లోపల కాపురం చేసేవాళ్లకే తెలుసు. బురుజులోకి మెట్లే లేవు. నాలుగు కిటికీల్లో మూడు ఉత్తుత్తివి. గోడలో గూడు చేసి, నల్ల పలకరాయి అతికించి, దానిమీద తెల్లరంగుతో అద్దాల గళ్లు గీశారు. నిజమైంది ఒక్కటే, అదీ ఇనప చట్రంలో బిగించేసిందే, తెరుచుకోదు. కట్టినవాడికి రోడ్డుమీంచి చూసేవాళ్లు ముఖ్యం, మేం కాదు.

ఐర్లండులో మా రాస్‌కామన్ వైపు మనిషి ప్రాణం పోతుంటే కిటికీ తెరవాలి. లేకపోతే ఆ ప్రాణం ఇంట్లోనే చిక్కుపడిపోతుంది. మా అత్త సబీనా మంచం పట్టిన దగ్గర్నుంచీ ఇదే బెంగ. కార్లు వచ్చే దారిమీదికున్న తలుపు బార్లా తీసి పెడతాలే అన్నాను.

"తలుపులోంచి పోతే దొర కారుకింద పడతానే, డీలియా," అంది. ముప్పై ఏళ్లు నన్ను సాధించిన నోరు, జ్వరంలోనూ ఊరుకోలేదు.

ఎస్టేటు మేనేజరు ప్రంటీ దగ్గరికెళ్లి, ఆ ఒక్క కిటికీ తెరుచుకునేలా చేయించండి బాబూ అని కాళ్లావేళ్లా పడ్డాను. నూరేళ్లనాటి కట్టడం, దానిమీద ఉలి పడనివ్వనన్నాడు. రెండోరోజు మాత్రం నిచ్చెనతో ఒక మనిషిని పంపాడు. పొంగిపోయాను. సాయంత్రం బయటికెళ్లి చూస్తే, దొంగ కిటికీ ఒకదానిమీద సగం తెరిచిన రెక్క బొమ్మ గీసి ఉంది. అతిథులకి సరదాగా ఉంటుందట. ఒళ్లు మండిపోయింది నాకు.

అత్తకి చూపు ఆనదు. గోడవతల అలికిడి మాత్రం పొద్దుటినుంచీ వింటూనే ఉంది.

"తెరిచారా?"

"తెరిచారత్తా."

"మరి గాలి రాదేం?"

"ఇవాళ గాలే లేదత్తా," అన్నాను, సిగ్గు లేకుండా. మా వైపు గాలి లేని రోజు నేనెరగను.

మర్నాడు పొద్దున్నే అత్తకి ఎగఊపిరి మొదలైంది. నా చెయ్యి తడిమి పట్టుకుంది.

"నీకు అబద్ధమాడటం చేతకాదే," అంది. తిట్టినట్టు లేదు. భయపడినట్టుంది. ఆవిడ భయపడగా నేనెప్పుడూ చూడలేదు.

మేకుకి తగిలించి ఉన్న గేటు తాళంచెవి తీశాను. మూరెడు ఇనుము. నిజం కిటికీ అద్దాలు ఒక్కొక్కటే పగలగొట్టాను. వానగాలి లోపలికొచ్చి అత్త నుదుటిమీద వెంట్రుకలు కదిలాయి. అప్పుడే బయట దొర కారు హారన్ మోగింది. కారు ఆగకముందే గేటు తెరిచి ఉండాలని మాకు రూలు. హారన్ మళ్లీ మోగింది. ప్రంటీ నా పేరు పెట్టి కేకలేస్తున్నాడు.

కదల్లేదు నేను. చెయ్యి పట్టుకుని ముందు మా అత్తని సాగనంపాను. తర్వాత వెళ్లి గేటు తీశాను.