ఎలుక బొచ్చు

పొద్దున్నే దిండు గలీబు ఉతికేశాక గానీ తాను చేసిన ఘనకార్యం గుల్వెన్‌కు తెలియలేదు. మనవరాలు ఎనోరా తొలిసారి ఊడిన పాలపన్నును అందులోనే దాచుకుంది. ఊడిన పన్ను దిండు దగ్గర పెడితే రాత్రి ఎలుక వచ్చి, దాన్ని తీసుకుని నాణెం పెడుతుందని అక్కడి పిల్లల నమ్మకం. ఆ ఎలుక, అంటే గుల్వెనే, రాత్రి నిద్రపోయాడు.

"పన్నూ లేదు, నాణెమూ లేదు. ఎలుక నన్ను మోసం చేసింది తాతయ్యా," అంది ఎనోరా ఏడుపు గొంతుతో.

గుల్వెన్ మెషిన్‌లో చెయ్యి పెట్టి వెతికాడు. రబ్బరు మడతలు విప్పి చూశాడు. లేదు. ఇక మిగిలింది కొత్త చట్టం తగిలించిన ఫిల్టర్ ఒక్కటే. బట్టల నుంచి రాలే సన్నపోగులు సముద్రంలో కలవకుండా పట్టే డబ్బా అది. కాంకార్నో రేవులో నలభై ఏళ్లు చేపలు పట్టిన గుల్వెన్, "నా సాక్సులకు కూడా సర్కారు కాపలా" అని దాన్ని రోజూ తిట్టేవాడు. కూతురు చూడనప్పుడు కుళాయి కింద కడిగేసేవాడు. పోగులన్నీ మళ్లీ సముద్రానికే.

ఇప్పుడూ దాన్ని ఊడదీసి, అలవాటుగా కుళాయి మీద చెయ్యి వేశాడు.

"కడగొద్దని అమ్మ చెప్పిందిగా," ఎనోరా అతని చెయ్యి పట్టుకుంది. "అయినా అది ఎలుక బొచ్చు."

ఫిల్టర్‌లో పేరుకున్న బూడిదరంగు పోగుల ముద్దను వేళ్లతో విప్పింది. మధ్యలో తెల్లగా పన్ను.

"పాపం, ఎలుక మెషిన్‌లో ఇరుక్కుపోయింది తాతయ్యా. మళ్లీ వస్తుందా?"

"వస్తుంది. ఈసారి నిద్రపోదు."

ముద్దను చెత్తబుట్టలో వేసి, ఫిల్టర్‌ను శుభ్రంగా తుడిచి బిగించాడు గుల్వెన్.

"నీ మేలు మర్చిపోనులే," అన్నాడు దానితో, మెల్లగా.